రుచి కూటమి ప్రణాళిక, నర్సీపట్నం

సుఖం అనగానే మన వైపు రెండే మాటలు వినిపిస్తాయి. డబ్బున్నవాళ్ళ సోకు అని ఒకటి, చెడిపోయే దారి అని రెండోది. మేం రెండింటినీ ఒప్పుకోం. రుచి తెలిసి బతకడం ఎవరైనా నేర్చుకోగల విద్య. ఆ విద్య కోసమే ఈ కూటమి.

ఈ ఆలోచన పాతదే. క్రీ.పూ. 306 ప్రాంతంలో ఎపిక్యురస్ ఏథెన్స్‌లో తోట కొని బడి పెట్టాడు. ఆడవాళ్ళనీ బానిసలనీ రానిచ్చాడు. సుఖమే జీవితానికి గమ్యమన్న ఆ మనిషికి రొట్టే నీళ్ళే భోజనం. చిన్న కుండెడు చీజ్ పంపితే కావాలనుకున్నప్పుడు విందు చేసుకుంటానని స్నేహితుడికి రాశాడు. అయినా గిట్టనివాళ్ళు తిండిపోతని ముద్ర వేశారు. మన చార్వాకులదీ అదే గతి. వాళ్ళ మాటలు ఎక్కువగా వాళ్ళని ఖండించిన పుస్తకాల్లోనే మిగిలాయి.

ఆ బడికి ముందే, సిసిలీలోని గేలా ఊరివాడు ఆర్కెస్ట్రాటస్ ఏ చేప ఏ ఊళ్ళో, ఏ కాలంలో బాగుంటుందో పద్యాల్లో చెప్పాడు. మంచి చేపకి ఉప్పూ నూనే చాలు, పైన చీజ్ పోసి పాడుచెయ్యొద్దన్నాడు. ఎపిక్యురస్ తత్వానికి ఈ తిండి పుస్తకమే పుట్టిల్లని స్టోయిక్ పండితుడు క్రిసిప్పస్ వెక్కిరించాడు. ఆ వెక్కిరింతని మేం బిరుదుగా తీసుకుంటున్నాం.

ఇక మన సంగతి. అనకాపల్లి బెల్లానికి దేశమంతా పేరుంది. చెరకు రసం పాకానికొచ్చి ఆరితే బెల్లం సహజంగా గోధుమ రంగుకి తిరుగుతుంది. బేరగాడికి మాత్రం పసుప్పచ్చగా మెరిసే దిమ్మే కావాలి. ధర పడిపోతుందన్న భయంతో పాకంలో రంగు తేల్చే మందు, హైడ్రోస్, పడుతుంది. తీర్పు చెప్పాల్సింది నాలుక, చెబుతున్నది కన్ను. ఘాట్ ఎక్కితే చింతపల్లి వైపు సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగల మధ్య కాఫీ పండుతోంది. కింద మనం ఎక్కడిదో తెలియని ప్యాకెట్ పొడి కలుపుకు తాగుతున్నాం.

కాబట్టి మా నియమాలు ఇవీ:

1. ఎపిక్యురస్ కోరికల్ని మూడు రకాలు చేశాడు: సహజమూ అవసరమూ అయినవి, సహజమే గానీ అవసరం కానివి, రెండూ కానివి. ఆకలికి అన్నం మొదటిది. మాడుగుల హల్వా రెండోది. పక్కింటివాళ్ళ కన్నా పెద్ద విందు చెయ్యాలన్న పంతం మూడోది. మొదటిది అందరికీ దక్కాలి, రెండోది పంచుకోవాలి, మూడోది మానాలి.

2. రంగు చూసి బెల్లం కొనం. మందు వెయ్యని దిమ్మకి మెరిసే దిమ్మ ధర తగ్గకుండా ఇస్తాం.

3. పెళ్ళి భోజనాల్లో ఐటమ్స్ లెక్కపెట్టం. విస్తట్లో వదిలెయ్యడాన్ని దర్జా అనుకోం.

4. లంబసింగి మంచు చూడ్డానికి స్పీకర్లు మోసుకెళ్ళం.

5. వండినవాళ్ళు చివర్లో మిగిలింది తినే ఆచారం మా దగ్గర ఉండదు. అందరం ఒకే బంతిలో కూర్చుంటాం. కులం అడగం.

సభ్యత్వానికి రుసుము లేదు. నెలకోసారి కలుస్తాం. వచ్చేటప్పుడు తినేదో తాగేదో ఒకటి తెండి. దాన్ని ఎవరు పండించారో, ఎవరు వండారో, వాళ్ళకి ఎంత ముట్టిందో చెప్పండి. తెలియకపోతే వచ్చే నెలకి కనుక్కుని రండి. కూటమి పని అక్కడే మొదలవుతుంది.