మూత్రపిండాల నాళానికి స్టెంటు ఎవరికి అవసరం?

అబిడ్స్ నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరంతో ఈ వారం మొదలుపెడతాను. పేరు వేయవద్దన్నారు, వేయను. వారి మామగారికి 67 ఏళ్లు. బట్టల కొట్టు ఉంది, ఇప్పటికీ రోజూ వెళ్లి గల్లాపెట్టె దగ్గర కూర్చుంటారట. పదిహేనేళ్లుగా రక్తపోటు. ఈమధ్య మూడు రకాల మాత్రలు వేసుకుంటున్నా పై అంకె 160కి దిగటం లేదు. స్కానింగు తీయిస్తే, కుడి మూత్రపిండానికి రక్తం తీసుకుపోయే నాళం 70 శాతం పూడుకుపోయిందని తేలింది. "వెంటనే స్టెంటు వేయించకపోతే కిడ్నీ పాడవుతుందన్నారు. నా గాజులు, అత్తయ్యగారి గొలుసు బ్యాంకులో పెట్టి డబ్బు తెద్దామని మావారు అంటున్నారు. వేయించమంటారా?" అని అడిగారు. చివర చిన్న అక్షరాలతో, "ఆయన మోకాళ్ల నొప్పులకు రోజూ ఒక మాత్ర వేసుకుంటారు, అంతకుమించి ఏ అలవాట్లూ లేవు" అని ఉంది.

అమ్మా, గాజులు ఇంకా మీ చేతికే ఉంటే కొన్నాళ్లు అక్కడే ఉండనివ్వండి. ఆ చిన్న అక్షరాల సంగతికి తరువాత వస్తాను.

నాళం సన్నబడితే రక్తపోటు ఎందుకు పెరుగుతుంది? మీ అపార్టుమెంటులో రెండో అంతస్తు వారి పైపుకి వాల్వు సగం మూసుకుపోయిందనుకోండి. వారి కుళాయిలో నీళ్లు సన్నగా వస్తాయి. ట్యాంకులో నీళ్లు లేవనుకుని వారు వాచ్‌మన్‌ని పిలిచి "మోటారు వెయ్యి" అంటారు. ట్యాంకు నిండుగానే ఉంది, తప్పు వాల్వుది. కాని వాచ్‌మన్ మోటారు వేస్తూనే ఉంటాడు, చివరకు ఇంటిల్లిపాది పైపులూ ఉబ్బుతాయి. మూత్రపిండం చేసేదీ ఇదే. గుండె పంపే రక్తంలో అయిదో వంతు ఈ రెండు మూత్రపిండాలకే పోతుంది. ఆ వాటా తగ్గగానే అది రెనిన్ అనే పదార్థాన్ని రక్తంలోకి వదులుతుంది. దానివల్ల ఒళ్లంతా ఉన్న నాళాలు బిగుసుకుంటాయి, ఉప్పూ నీరూ ఒంట్లో నిలవపడతాయి, పోటు పెరుగుతుంది. 1934లో అమెరికాలో హ్యారీ గోల్డ్‌బ్లాట్ అనే వైద్యుడు కుక్కల మూత్రపిండ నాళాలకు క్లిప్పు బిగించి ఈ సంగతి రుజువు చేశాడు.

మరి వాల్వు తెరిస్తే సరిపోతుంది కదా! అందరూ అలాగే అనుకున్నారు. 1977లో మొదటిసారి గుండె నాళాన్ని బెలూనుతో వెడల్పు చేసిన గ్రూన్‌ట్సిగ్ అనే వైద్యుడే, మరుసటి ఏడాది మూత్రపిండ నాళానికీ ఆ పని చేసి చూపాడు. తరువాత, తెరిచిన నాళం మళ్లీ ముడుచుకోకుండా లోపల నిలబెట్టే లోహపు జాలీ వచ్చింది. అదే స్టెంటు. ఈ మాట మన ఊరికి కొత్త కాదు. హృద్రోగ నిపుణులు సోమరాజుగారు, అబ్దుల్ కలాంగారు కలిసి తక్కువ ఖర్చుతో కలాం–రాజు స్టెంటు రూపొందించింది 1990లలో ఈ హైదరాబాదులోనే. సోమరాజుగారి కేర్ ఆసుపత్రి 1997లో మొదలయింది నాంపల్లిలోనే. అయితే ఆ స్టెంటు గుండె నాళాలకు. గుండెకు పనికివచ్చింది మూత్రపిండానికీ అంతే పనికివస్తుందనుకోవటం దగ్గరే చిక్కు వచ్చింది.

నిజం చెప్పాలంటే, నేనూ అలాగే అనుకున్నవాణ్ణే. స్కానింగులో నాళం సన్నబడి కనిపిస్తే చాలు, స్టెంటు కోసం చీటీ రాసి పంపిన రోజులున్నాయి. 2009లో ఒక పెద్ద పరిశీలన ఫలితాలు వచ్చాయి. అందులో ఎక్కువమంది బ్రిటన్‌ వారు, మొత్తం 806 మంది. సగం మందికి నాళం వెడల్పు చేసి మందులు ఇచ్చారు, మిగతా సగానికి మందులే ఇచ్చారు. మూత్రపిండాల పనిలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 2014లో అచ్చయిన మరో పరిశీలనలో 900 మందికి పైగా ఉన్నారు. అక్కడా గుండెపోటు, పక్షవాతం, మూత్రపిండాలు చెడటం, మరణం వంటివి రెండు వర్గాల్లోనూ దాదాపు ఒకేలా ఉన్నాయి. స్టెంటు వేసుకున్నవారి పోటు సుమారు 2 అంకెలు ఎక్కువ తగ్గింది, అంతే.

కారణం ఏమిటంటే, పెద్దవయసులో నాళాలు పూడేది సాధారణంగా కొవ్వు పేరుకుని. అది ఒక్కచోట పేరుకునేది కాదు. గుండె, మెదడు, కాళ్లు, అన్ని నాళాల్లోనూ ఎంతో కొంత ఉంటుంది. మూత్రపిండం లోపలి సన్న నాళాలు ఏళ్ల తరబడి పోటుకి గట్టిపడి ఉంటాయి. మొదట్లో ఉన్న వాల్వు తెరిచినంత మాత్రాన చివర తుప్పు పట్టిన గొట్టాలు బాగుపడవు.

అలాగని స్టెంటు దండగ అనకండి. ఆ పరిశీలనల్లో జబ్బు బాగా ముదిరినవారు తక్కువ. గుండె బలంగానే ఉన్నా రాత్రివేళ హఠాత్తుగా ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసంతో లేచి కూర్చునేవారు, రెండు నాళాలూ పూడి లేదా ఉన్న ఒక్క మూత్రపిండం నాళమే పూడి క్రియాటినిన్ వారాల్లో పెరిగిపోతున్నవారు, మూత్రం ఎక్కువగా పోయించే మాత్రతో సహా మూడు మందులు పూర్తి మోతాదులో వాడినా పోటు లొంగనివారు — వీరికి స్టెంటు గురించి తప్పక ఆలోచిస్తాం. కొందరికి అది ప్రాణం నిలుపుతుంది.

చిన్నవయసువారి సంగతి పూర్తిగా వేరు. కొన్నేళ్ల కిందట నాంపల్లి నుంచి పంతొమ్మిదేళ్ల అమ్మాయిని తీసుకువచ్చారు. ఏడాదిగా తలనొప్పి. కళ్లజోడు పెట్టించారు, నొప్పిమాత్రలు మింగించారు, చదువు మానిపించారు, పెళ్లి చేస్తే సర్దుకుంటుందన్నవారూ ఉన్నారు. ఆ వయసులో పోటేమిటని ఎవరూ పట్టీ కట్టి చూడలేదు. ఎడమచేతి నాడి నాకు అందలేదు. కుడిచేతిలో పోటు 200/120. పొట్టమీద స్టెతస్కోపు పెడితే బుస్సుమనే చప్పుడు. అది తకయాసు జబ్బు. 1908లో దాన్ని వర్ణించిన జపాను కంటి వైద్యుడి పేరు అది. నాళాల గోడలు వాచి సన్నబడతాయి. మన దేశంలో, ముఖ్యంగా చిన్నవయసు ఆడపిల్లల్లో, మూత్రపిండ నాళం మూసుకుపోవటానికి ఇది ముఖ్య కారణాల్లో ఒకటి. ముందు స్టెరాయిడ్లతో వాపు తగ్గించి, తరువాత బెలూనుతో నాళం వెడల్పు చేశారు. నాలుగు మాత్రలు ఒకటికి దిగాయి. ఇటువంటి వారికి బెలూనుతోనే సరిపెట్టాలని చూస్తాం, తప్పనిసరైతేనే స్టెంటు. ముప్పై ఏళ్లలోపు ఎవరికి ఎక్కువ పోటు కనబడినా "వయసు" అని వదిలేయకండి.

ఇక స్టెంటు వేయటమంటే పొట్ట కోయటం కాదు. గజ్జలో గాని మణికట్టు దగ్గర గాని తిమ్మిరి సూది ఇచ్చి, సన్నని తీగ నాళంలోకి పంపి, దానిమీదుగా బెలూను, జాలీ చేరుస్తారు. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపుతారు. కాని చిన్న పనికీ ప్రమాదాలున్నాయి. సూది గుచ్చినచోట రక్తస్రావం, కొవ్వు తునకలు చెదిరి మూత్రపిండంలో అడ్డుపడటం, ఎక్స్‌రేలో కనబడటానికి ఎక్కించే మందువల్ల మూత్రపిండానికే దెబ్బ తగలటం, కొందరిలో స్టెంటు మళ్లీ పూడటం.

సోదరీ, ఇప్పుడు మీ ఉత్తరానికి వస్తాను. క్రియాటినిన్ ఎంతో మీరు రాయలేదు. ఎడమ నాళం ఎలా ఉంది? రెండు మూత్రపిండాల పొడవు ఎంత? ఆయాసం వచ్చిందా? ఇవి లేకుండా 70 శాతం అన్న ఒక్క అంకె చూసి నేను అవునని గాని కాదని గాని చెప్పలేను. మీ డాక్టరుగారి మాట కాదనమనటం లేదు. "స్టెంటు వేస్తే ఈయనకు ఏం మేలు జరుగుతుందని మీరు ఆశిస్తున్నారు? పోటు తగ్గటమా, కిడ్నీ నిలవటమా? వేయకపోతే ఎన్నాళ్లు చూడవచ్చు?" అని అడగండి. అడిగితే కోపం వస్తుందేమోనని జంకకండి. కాని రాత్రిళ్లు ఆయాసం వచ్చినా, మూత్రం బాగా తగ్గినా, నా జవాబు చదువుతూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

ఇక ఆ మోకాళ్ల మాత్ర. అది డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ జాతిదైతే, ఈ కథలో సగం దానిదే కావచ్చు. అవి ఉప్పునీటిని ఒంట్లో నిలిపి పోటు పెంచుతాయి, పోటు మందుల్ని పనిచేయనీయవు, మూత్రపిండాన్ని దెబ్బతీస్తాయి. మందుల కొట్లో అడిగితే ఇచ్చేస్తారు గనుక మనవాళ్లు దాన్ని మందులలెక్కలో వేయరు. ఆ అట్ట పట్టుకెళ్లి మీ డాక్టరుగారికి చూపించండి. మాన్పిస్తే పదిహేను రోజులు, అయిదు నిమిషాలు కుదురుగా కూర్చున్నాక, ఉదయం సాయంత్రం పోటు చూసి కాగితంమీద రాయండి. ఉప్పు రోజుకు ఒక చెంచాడు మించకూడదు. ఊరగాయ, అప్పడం, కొట్టు దగ్గరికి తెప్పించుకునే మిరపకాయ బజ్జీ, చాయ్‌తో నంజుకునే ఉప్పు బిస్కట్టు, అన్నీ ఆ చెంచాలోకే వస్తాయి. జనవరిలో నుమాయిష్‌కి వెళ్లండి గాని, అక్కడ తినే పని మనవలకు వదిలేయమనండి.

మూడు మాత్రల్లో రామిప్రిల్, టెల్మిసార్టన్ వంటిది ఉంటే, మొదలుపెట్టిన లేక మోతాదు పెంచిన ఒకటి రెండు వారాలకు క్రియాటినిన్, పొటాషియం చూపించాలి. కొద్దిగా పెరిగితే భయం లేదు. 30 శాతం మించి పెరిగితే రెండు నాళాలూ పూడాయేమో చూడాలి. మీ అంతట మీరు మాత్రం ఆపవద్దు.

మామగారు తన చేత్తో రాసిన ప్రశ్న కూడా ఉంది: "స్టెంటు పడితే ఈ మాత్రల బాధ వదులుతుందా?" వదలదండీ. పోటు మాత్రలు ఒకటో రెండో తగ్గవచ్చు. కొవ్వు తగ్గించే మాత్ర, ఆస్పిరిన్ కొనసాగుతాయి, కొంతకాలం రక్తం గడ్డకట్టకుండా ఇంకొకటి చేరుతుంది. క్రియాటినిన్ కాగితం, పదిహేను రోజుల పోటు పట్టిక, ఆ మోకాళ్ల మాత్ర పేరు రాసి మళ్లీ ఉత్తరం వేయండి.