సూర్యాపేట టిఫిన్‌కేనా?

సంపాదకులకు,

హైదరాబాద్-విజయవాడ దారిలో సూర్యాపేట టిఫిన్‌కు తప్ప ఆగాల్సిన ఊరు కాదని గత సంచికలో మీ యాత్రావ్యాసం తేల్చేసింది. మరి ఊరి పక్కనే ఉన్న పిల్లలమర్రి మాటేమిటి? రేచర్ల రెడ్లు కట్టించిన కాకతీయుల నాటి శివాలయాలున్న చోటది. అక్కడి ఎరకేశ్వరాలయాన్ని 1208లో బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ కట్టించింది. ఆలయానికి ఆమె పేరే నిలిచింది. నల్లరాతి స్తంభాల పనితనం చూడ్డానికే గంట పడుతుంది. రామప్ప ఉండగా ఇదెందుకంటారేమో. 1213 నాటి ఆ గుడిని కట్టించిన రుద్రుడూ రేచర్లవాడే, ఎరకేశ్వరాలయం దానికన్నా ఐదేళ్లు పెద్దది. రెండూ చూసినవారికే పోలిక తెలుస్తుంది. ఇక పిల్లలతో ప్రయాణం, టైము చాలదనే అభ్యంతరం సబబే. కానీ హైవే హోటళ్లలో బల్ల కోసం నిలబడే ఓపిక మనకు బాగానే ఉందిగా! వసతులు తక్కువన్నది ఒప్పుకోవాల్సిందే. అయితే జనం ఆగని చోట వాటిని అడిగేదెవరు?

- ఒక పాఠకుడు