పోలీసులు రాసుకున్న పేర్లు

నారాయణఖేడ్ ప్రాంతంలోని బోరంచ బడికి వెళ్లి, ఏ పిల్ల చేతిలోని తెలుగు వాచకమైనా అడిగి తీసుకుని ముందు పేజీలు తిప్పండి. సంపాదకవర్గం ఎవరో ఉంటుంది. పాఠాలు రాసినవాళ్లు, సమన్వయకర్తలు, బొమ్మలు వేసినవాళ్లు, ఆఖరికి డీటీపీ, లేఅవుట్ చేసినవాళ్ల పేర్లూ ఉంటాయి. మంచిదే. పని చేసినవాళ్ల పేరు వేయడం మర్యాద. అయితే ఆ మర్యాద కంప్యూటర్ దగ్గరే ఆగిపోతుంది. మిషన్ మీంచి దిగిన కాగితాన్ని పుస్తకంగా చేసిన చేతుల దాకా రాదు. ఒక్క బడి పుస్తకాలనే అనడం అన్యాయం. మన ఇళ్లలో అద్దాల బీరువాల్లో పెట్టుకున్న నవలలు, కవితా సంపుటాలు, సర్వస్వాలు అన్నిటిదీ ఇదే తీరు.

మా అభియోగం ఒక్కటే. తెలుగు పుస్తక వ్యాపారం ఆడవాళ్ల పని మీద బతుకుతూ వాళ్ల పేరును గడప అవతలే నిలబెట్టింది. ఎక్కడైనా ఒకరిద్దరి పేర్లు మనదాకా వచ్చాయంటే ఆ పుణ్యం ప్రచురణకర్తలదీ కాదు, సాహిత్య చరిత్రకారులదీ కాదు. చాలాసార్లు అది పోలీసులది.

ముందు పని సంగతి చూద్దాం. డెమ్మీ సైజులో ఎనిమిదో వంతు పుస్తకానికి ఒక ఫారం అంటే 16 పేజీలు. ఆ కాగితాన్ని మూడుసార్లు మడవాలి. 256 పేజీల నవలకు 16 ఫారాలు. వెయ్యి ప్రతులంటే 16,000 కాగితాలు, 48,000 మడతలు. పెద్ద ప్రెస్సుల్లో మడత మిషన్లు వచ్చాయి గానీ, ఐదొందలు, వెయ్యి ప్రతుల చిన్న పనులు ఇప్పటికీ చాలాచోట్ల చేతుల మీదే నడుస్తున్నాయి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అలాంటి బైండింగ్ షెడ్డులోకి తొంగి చూడండి. కటింగ్ మిషన్ దగ్గర మగమనిషి నిలబడి ఉంటాడు. కింద బాసింపట్టు వేసుకుని ఫారాలు మడిచేది, గోడ పొడుగునా పేర్చిన దొంతరల వెంట నడుస్తూ ఒక్కో ఫారం తీసి సెట్టు కట్టేది, కుట్టేది, అట్టలకు జిగురు పూసేది ఎక్కువగా ఆడవాళ్లే. మైదాపిండి ఉడకబెట్టి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపిన ఆ జిగురు వాళ్ల వేళ్ల సందుల్లో ఎండి పొరలుగా ఊడుతుంటుంది. కూలి వెయ్యికి ఇంతని లెక్క. ఏడో ఫారం ఆరో ఫారానికి ముందు పడిందంటే ఎవరి చేతిలో తప్పు జరిగిందో షెడ్డంతా చెప్పేస్తుంది. వరస తప్పకుండా వచ్చిన వెయ్యి పుస్తకాలు ఎవరి చేతి పనో చెప్పే దిక్కు లేదు.

కటింగ్ చేసేవాడు పనివాడు, మడత పెట్టే ఆమె పనికొచ్చే ఆడమనిషి. ఈ రెండు మాటల మధ్య ఉన్న తేడాయే శనివారం నాటి కూలి డబ్బులో కూడా ఉంటుంది.

చట్టానికీ ఈ చేతులు కనపడలేదు. 1867 నాటి ప్రెస్, పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రతి పుస్తకం మీదా ముద్రాపకుడి పేరు, ముద్రించిన చోటు, ప్రచురణకర్త పేరు, ప్రచురించిన చోటు అచ్చు వేసి తీరాలంది. పుస్తకాలను నమోదు చేయడానికి, భద్రపరచడానికి అని పైకి చెప్పుకున్నారు. 1857 తిరుగుబాటు ముగిసి పదేళ్లయినా నిండని రోజులవి. సర్కారుకు నచ్చనిది ఏదైనా అచ్చయితే ఎవరి తలుపు తట్టాలో దొరకు తెలియాలి కదా! అందుకని పట్టుకోవడానికి పనికొచ్చే ఇద్దరి పేర్లూ తప్పనిసరి అయ్యాయి, మిగిలిన పదిమంది ఎవరైతేనేం అయ్యారు. దాని స్థానంలో 2023లో వచ్చిన కొత్త చట్టం పత్రికల వరకే పరిమితమై పుస్తకాల జోలికి రాలేదు. ఇప్పుడు ఏం రాసుకోవాలో ప్రచురణకర్తల ఇష్టం. అయినా మన పుస్తకాల రెండో పేజీ ఇంకా దొర గీసిన గీటు దాటలేదు.

ఇది మన ఒక్కళ్ల జబ్బు కాదు. 18వ శతాబ్దపు లండన్‌లో పుస్తక వ్యాపారమంటే ఇంటి వ్యాపారం. కింద కొట్టు, పైన కాపురం. భార్యాబిడ్డలు కాగితాలు మడిచేవారు, కుట్టేవారు, కొట్టులో కూర్చునేవారు, పద్దులు చూసేవారు. భర్త ఉన్నంతకాలం అదంతా భర్త వ్యాపారమే, ఎందుకంటే పెళ్లయిన స్త్రీకి విడిగా ఆస్తి గీస్తి లేదనేది అక్కడి చట్టం. ఆయన పోతే మాత్రం ఆ వృత్తి సంఘమైన స్టేషనర్స్ కంపెనీ ఆనవాయితీ ప్రకారం కొట్టు ఆమె నడుపుకోవచ్చు. అంటే ఆమె పేరు పుస్తకం మీదికి ఎక్కాలంటే ముందు మొగుడు పాడె ఎక్కాలి.

థామస్ కూపర్ 1743లో పోయాడు. ఆయన భార్య మేరీ కూపర్ ఆ తర్వాత 1761లో తాను కన్నుమూసేదాకా పేటర్‌నోస్టర్ రో వీధిలో పుస్తకాలు అమ్మింది. ఇంగ్లిష్ పిల్లల పాటల పుస్తకాల్లో మనకు మిగిలినవాటిలో అన్నిటికంటే పాతది, 1744 నాటి 'టామీ థంబ్స్ ప్రెట్టీ సాంగ్ బుక్', ఆమె వేసిందే. థామస్ గ్రే ఎలిజీ మన డిగ్రీ కాలేజీల్లో ఇంగ్లిష్ చదివినవాళ్లకు తెలియనిది కాదు. 1751లో అది ఆరు పెన్నీల చిన్న పుస్తకంగా బయటికొచ్చినప్పుడు ముఖపత్రం మీద, అమ్మేవారు ఎం. కూపర్ అని ఉంది. ఆ పొడి అక్షరం వెనక ఉన్నది ఆడమనిషని ఎంతమంది పాఠకులకు తోచి ఉంటుంది? పేరూ ఊరూ లేకుండా పల్లె శ్మశానంలో కలిసిపోయిన మామూలు మనుషుల కోసం రాసిన పద్యమది. దాన్ని ఊరూరికీ చేర్చిన మనిషిని ఇంగ్లిష్ మేస్టార్లు కూడా తలవరు.

లండన్‌లోనే ఇంకో వర్గం ఉండేది. పత్రికలు, కరపత్రాలు టోకున కొని వీధి అమ్మకందార్లకు పంచిపెట్టే ఆడవాళ్లు. వాళ్లను మెర్క్యురీలు అనేవారు. ఎలిజబెత్ నట్, ఆమె కూతుళ్లు, ఆన్ డాడ్ ఆ పనిలో ఆరితేరినవాళ్లు. అలెగ్జాండర్ పోప్ 'డన్సియాడ్' 1728లో మొదటిసారి వచ్చినప్పుడు దాని మీద వేసింది ఎ. డాడ్ పేరే. కవి తన పేరు దాచుకున్నాడు. ప్రధాని వాల్పోల్‌ను ఎండగట్టిన పత్రికలు అమ్మినందుకు సర్కారు మనుషులు ఈ ఆడవాళ్ల కొట్ల మీద పడేవారు, పట్టుకెళ్లేవారు, ఎవరిచ్చారు, ఎన్నిచ్చారు అని వాంగ్మూలాలు రాయించుకునేవారు. ఇవాళ పరిశోధకులు వాళ్ల వ్యాపారం ఎలా నడిచేదో చెప్పగలుగుతున్నారంటే, చాలావరకు ఆ వాంగ్మూలాల చలవే.

ఇక మన గడప లోపలికి వద్దాం. 18వ శతాబ్దంలోనే తంజావూరు ప్రతాపసింహుడి కొలువులో ముద్దుపళని 'రాధికా సాంత్వనము' రాసింది. 1887లో వెంకటనర్సు అచ్చు వేసిన ప్రతిలో ఆమె తన వంశం గురించి చెప్పుకున్న భాగం లేదు, కొన్ని పద్యాలూ లేవు. తాళపత్రంలో నూరేళ్లు నిలిచిన పేరు అచ్చులోకి రాగానే చిరిగింది. ఆ లోటు పట్టుకున్నది పండితులెవరూ కాదు, బెంగళూరు నాగరత్నమ్మ. రాతప్రతి సంపాదించి, అచ్చుప్రతితో పోల్చి చూసి, లోపాలు సరిదిద్ది, 1910లో వావిళ్లవారి ద్వారా పూర్తి పాఠం తెచ్చింది. కందుకూరి వీరేశలింగం ఆ కావ్యాన్ని బూతన్నారు. మీరే పరిష్కరించిన 'వైజయంతీ విలాసం' సంగతేమిటి, సిగ్గు ఆడవాళ్లకేనా, మగ కవులకు అక్కర్లేదా అని ఆమె ఎదురడిగింది. 1911లో పోలీసులు ప్రతులు పట్టుకెళ్లారు, నిషేధం పడింది. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధాని అయ్యాక గానీ అది తొలగలేదు. అంటే మూడున్నర దశాబ్దాలు.

తెలుగు పాఠకుడికి నాగరత్నమ్మ అనగానే తిరువయ్యారు, త్యాగరాజస్వామి సమాధి గుర్తొస్తాయి. నిజమే, అక్కడ ఆలయం కట్టించడం ఆమె సొంత డబ్బుతో చేసిన గొప్ప పని. మరి గ్రంథ పరిష్కర్తల పేర్లు చెప్పమంటే? మానవల్లి రామకృష్ణకవి అంటాం, వేటూరి ప్రభాకరశాస్త్రి అంటాం, అక్కడితో ఆగుతాం. రాతప్రతి వెతకడం, పాఠాలు పోల్చడం, పీఠిక రాయడం, అచ్చుకు ఇవ్వడం, ఆ పైన సర్కారుతో తలపడడం, ఇవన్నీ చేసిన మనిషి పరిష్కర్త కాకపోతే ఎవరు పరిష్కర్త? సంగీతం, భక్తి అయితే పర్వాలేదు, పాండిత్యం మాత్రం ఆమెకు ఇవ్వం అన్నట్టుంది మన వాలకం. ఇక్కడా నిషేధం, పోలీసు కేసు లేకపోతే ఆ 1910 ప్రతి ఊసు ఎత్తేవాళ్లు ఇంతమంది కూడా ఉండేవారు కాదు.

కేసులు పడని వాళ్ల గతి చూడండి. 1902లో సత్తిరాజు సీతారామయ్య మొదలుపెట్టిన 'హిందూ సుందరి'కి మొసలికంటి రమాబాయమ్మ లాంటివాళ్లు సంపాదకత్వం చేశారు. పులుగుర్త లక్ష్మీనరసమాంబ 1904లో కాకినాడ నుంచి 'సావిత్రి' తెచ్చింది. వింజమూరి వెంకటరత్నమ్మ 1917లో 'అనసూయ' పెట్టింది. చందాలు అడగడం, రాసేవాళ్లను బతిమాలడం, ప్రూఫులు దిద్దడం, ప్రెస్సువాడికి డబ్బు కట్టడం తెలిసిన మనుషులు వీళ్లు. పత్రికల చరిత్రలో వీళ్లకు దక్కేది 'స్త్రీల పత్రికలు' అనే శీర్షిక కింద ఒక పేరా. భండారు అచ్చమాంబ కథ 'ధనత్రయోదశి' అచ్చయిందీ 1902లో 'హిందూ సుందరి'లోనే. తొలి కథ ఏదనే వాదంలో అది లెక్కలోకి రావడానికి దశాబ్దాలు పట్టింది.

బోరంచ ఉన్న ఈ సంగారెడ్డి జిల్లాలోనే, జోగిపేటలో, 1930లో నిజాం రాష్ట్రపు తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి అని పోటీ పరీక్ష రాసే ప్రతి పిల్లవాడూ చెబుతాడు. దానితోపాటు అక్కడే జరిగిన మహిళా సభకు నడింపల్లి సుందరమ్మ అధ్యక్షురాలు. ఆ పేరు జోగిపేటలోనే ఎవరినైనా అడిగి చూడండి. తర్వాత తెలంగాణ సాయుధ పోరాటంలో కబుర్లు, కరపత్రాలు చీర మడతల్లో దాచి దళాలకు చేర్చిన ఆడవాళ్ల సంగతీ అంతే. 1980లలో స్త్రీశక్తి సంఘటన వాళ్లు ఊరూరూ తిరిగి ఆ గొంతులు రికార్డు చేసి 'మనకు తెలియని మన చరిత్ర' వేయకపోతే వాళ్ల ఊసు ఎక్కువగా పోలీసు కాగితాలకే మిగిలేది.

ప్రస్తుతానికి వస్తే ఇంకో నాటకం ఉంది. రచయిత సొంతంగా పుస్తకం వేసుకుంటాడు. ప్రచురణకర్త ఆయన శ్రీమతి. పుస్తకం చివర 'ప్రతులకు' అని ఇంటి చిరునామా. కాపీరైటూ ఆమెదే. పైకి చూస్తే తెలుగునాట ఇంతమంది మహిళా ప్రచురణకర్తలా అనిపిస్తుంది! పుస్తకాల కట్టలు మంచం కింద సర్దేది, పార్సిళ్లు కట్టి పోస్టాఫీసుకు మోసేది, షాపుల నుంచి రావలసిన బాకీ లెక్క రాసి ఉంచేది ఆమే అయినా, ఆవిష్కరణ సభలో వేదిక మీద ఆమెకు కుర్చీ ఉండదు. ఓ శాలువా కప్పి, సహధర్మచారిణి సహకారం అని ఒక ముక్క అని, మైకు ఇంకొకరికి అందిస్తారు. పని చేయించుకున్నప్పుడు పేరు ఇవ్వరు, పేరు వాడుకున్నప్పుడు అధికారం ఇవ్వరు. పోప్ గారు డాడ్‌తో చేసిందీ ఇదే.

ఇలాగే ఉండాలని ఎక్కడా రాసిపెట్టి లేదు. 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్‌ను నడిపినవారిలో గీతా రామస్వామి ముందు వరసలో ఉన్నారు, ఆ పేరు పుస్తక లోకానికి తెలుసు. ఈ జిల్లాలోనే పస్తాపూర్ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు, చాలామంది దళిత రైతుకూలీలు, కెమెరా పట్టి సినిమాలు తీశారు. 2008 నుంచి మాచ్‌నూర్‌లో సంగం రేడియో నడిపారు. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ పేర్లు దేశానికి తెలిశాయి. మైకు వాళ్ల చేతిలో ఉంది గనక తమ పేరు తామే చెప్పుకున్నారు. బైండింగ్ షెడ్డులో ఫారం మడిచే ఆమెకు ఆ వీలు లేదు. పుస్తకం ఆమె చేతుల మీదుగా పోతుంది గానీ, అందులో ఏ అక్షరం ఉండాలో ఆమె చెప్పలేదు. చెప్పగలిగినవాళ్లు ప్రచురణకర్తలు, ప్రభుత్వం. చెప్పనిది వాళ్లే.

కాబట్టి అడగవలసింది వాళ్లనే. పుస్తకం రెండో పేజీలో బైండింగ్ చేసినవాళ్ల పేర్లు వేయడానికి రెండు లైన్లు చాలు, దానికి అదనంగా ఒక్క కాగితం ఖర్చు కాదు. ప్రభుత్వ ముద్రణ టెండర్లలో కాగితం మందం, రంగు, సైజు మిల్లీమీటర్లతో సహా రాస్తారు. మడత కూలి కనీస వేతనానికి తగ్గకూడదని, ఒకే పనికి ఆడామగా ఒకే రేటని అదే కాగితం మీద రాయడానికి ఎవరు అడ్డొచ్చారు? సాహిత్య అకాడమీలు కవికి, అనువాదకుడికి బహుమతులిస్తాయి. పరిష్కర్తకు, సంపాదకురాలికి, బైండర్‌కు ఎందుకివ్వవు?

అన్నిటికంటే ముందు గ్రంథాలయ సంస్థలు జవాబు చెప్పాలి. మన ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. బోరంచలో బీడీలు చుట్టి, కూలికి పోయి పన్ను కట్టే ఇల్లాలు కూడా అందులో ఉంది. ఆ సొమ్ముతో కొనే ప్రతి పుస్తకానికీ, కుట్టినవాళ్లకు కూలి సరిగా ముట్టిందన్న హామీ ప్రచురణకర్త నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి. తీసుకోకపోతే ఎందుకు తీసుకోలేదో జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శిని సమాచార హక్కు చట్టం కింద ఆ ఇల్లాలే అడగొచ్చు. దరఖాస్తు రుసుము గ్రామస్థాయిలో లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10.