ఫ్యాన్ రెక్క మీద పేరు

మన ఊళ్ళలో ఏ గుడి మండపంలో కూర్చున్నా ఒకసారి తలెత్తి చూడండి. ఫ్యాన్ రెక్కల మీద పెయింటుతో రాసి ఉంటుంది, "కీ.శే. ఫలానా వారి జ్ఞాపకార్థం" అని. ఫ్యాన్ తిరుగుతున్నంతసేపూ ఆ పేరు కనబడదు, కరెంటు పోతేనే చదవగలం. స్కూల్లో బల్లలు, బస్టాండులో చలివేంద్రాలు, కళ్యాణమండపంలో స్టీలు గ్లాసులు... పోయినవాళ్ళ పేరున పదిమందికి పనికొచ్చేది ఏదో ఒకటి చేయడం మనకి కొత్తేం కాదు. కానీ ఆ పేర్లెవరివో గమనించారా? దాదాపు అన్నీ తాతలవీ నాయనమ్మలవీ. ఇరవై ఏళ్ళకే పోయిన కొడుకు పేరు ఫ్యాన్ మీద రాయించడానికి ఏ తల్లికి చేతులొస్తాయి? అందుకే కుర్రాళ్ళు పోతే మిగిలేది ఒక ఫ్లెక్సీ, ఒక కొవ్వొత్తుల ర్యాలీ, రెండు రోజుల వాట్సాప్ స్టేటస్.

బ్రిటన్‌లో రగ్బీ క్లబ్బులు ఇదే పని ఎలా చేస్తాయో చదివాక ఈ వ్యాసం రాయాలనిపించింది. రగ్బీ గురించి మనకి తెలిసింది తక్కువే. 2025లో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ అని మనకో జట్టుందని మన హాస్టల్లో ఎంతమందికి తెలుసు? అక్కడ అలా కాదు, చిన్న చిన్న ఊళ్ళలో కూడా క్లబ్బులుంటాయి. వారమంతా ఎలక్ట్రీషియన్‌గానో, స్టూడెంటుగానో ఉండి, శనివారం మధ్యాహ్నం బురదలో పడి ఆడేవాళ్ళు. జీతం లేదు, పైగా సభ్యత్వానికి వాళ్ళే ఎదురు డబ్బు కట్టుకుంటారు. అలాంటి క్లబ్బులో ఒక కుర్రాడు హఠాత్తుగా పోతే, అతని పేరున మ్యాచ్ పెడతారు. పాత టీమ్ వాళ్ళంతా పొట్టలేసుకుని మరీ వచ్చి ఆడతారు. ఆట అయ్యాక భోజనాలు, లాటరీ టికెట్లు, సంతకాలున్న జెర్సీల వేలం. ఇంకొందరు మారథాన్ పరిగెత్తి ఆన్‌లైన్‌లో చందాలు పోగుచేస్తారు. పన్ను కట్టేవాళ్ళు ఇచ్చిన ప్రతి పౌండుకీ గిఫ్ట్ ఎయిడ్ అనే పద్ధతి కింద ఇంకో 25 పెన్నీలు ప్రభుత్వం నుంచి కలుస్తాయి.

ఆ డబ్బు ఎక్కడికి పోతుంది అన్నది అసలు విషయం. అక్కడ కార్డియాక్ రిస్క్ ఇన్ ది యంగ్ అని ఒక సంస్థ ఉంది. 1995లో అలిసన్ కాక్స్ అనే ఆవిడ మొదలుపెట్టారు. బయటపడని గుండె లోపాలతో బ్రిటన్‌లో 35 ఏళ్ళలోపు వాళ్ళు వారానికి 12 మంది చనిపోతున్నారని వాళ్ళ లెక్క. పోయిన కుర్రాడి పేరున కుటుంబం ఒక నిధి పెట్టుకోవచ్చు. ఆ నిధితో 14 నుంచి 35 ఏళ్ళ వాళ్ళకి ఉచితంగా ఈసీజీ తీస్తారు, చాలాసార్లు ఆ ఊళ్ళోనే. ప్రతి 300 మందిలో ఒకరికి ప్రాణం మీదికి తెచ్చే లోపం బయటపడుతోందట. ఆ తల్లి వైపు నుంచి ఆలోచించండి. కొడుకుతో కలిసి ఆడిన కుర్రాళ్ళు, వాళ్ళ తమ్ముళ్ళు, చొక్కాలు విప్పి ఈసీజీ బల్ల మీద పడుకోవడానికి వరసలో నిలబడి ఉంటారు. మన ఫ్యాన్ గాలి పుణ్యం కోసం. వీళ్ళు మాత్రం బిడ్డని ఏది తీసుకుపోయిందో సరిగ్గా దాని మీదికే అతని పేరుని పంపిస్తున్నారు.

ఇదంతా గొప్పే అని కళ్ళు మూసుకుని అననులెండి. చుట్టాలు, స్నేహితులు ఎక్కువున్న ఇంటికే చందాలూ ఎక్కువ. అందరికీ ఇలా పరీక్షలు చేయడాన్ని బ్రిటన్ జాతీయ స్క్రీనింగ్ కమిటీ కూడా సిఫార్సు చేయలేదు. ఈసీజీ బాగున్నవాణ్ణి భయపెట్టగలదు, లోపం ఉన్నవాణ్ణి వదిలేయగలదు. ఫాల్స్ అలారం, మిస్డ్ డిటెక్షన్ అంటే ఈసీఈ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

అన్నిటికీ డబ్బే మందు కూడా కాదు. కెనడాలో ఒట్టావాకి చెందిన రోవన్ స్ట్రింగర్‌కి 17 ఏళ్ళు, తన స్కూల్ రగ్బీ జట్టుకి కెప్టెన్. 2013 మేలో కొద్ది రోజుల తేడాతో తలకి మళ్ళీ మళ్ళీ దెబ్బలు తగిలి చనిపోయింది. తనకి కంకషన్ అయిందేమోనని స్నేహితులకి మెసేజ్ పెట్టింది, నెట్‌లో వెతుక్కుంది, అయినా మళ్ళీ ఆటకి దిగింది. 2015లో విచారణ జరిపిన జ్యూరీ 49 సిఫార్సులు చేసింది. 2018లో ఒంటారియోలో ఆమె పేరుతోనే రోవన్స్ లా వచ్చింది. తలకి దెబ్బ అనుమానం ఉంటే వెంటనే ఆటలోంచి తప్పించాలి, డాక్టర్ సరే అనేదాకా మళ్ళీ దింపకూడదు. ఆ పిల్ల ఫోన్లో వెతుక్కున్న ప్రశ్నకి జవాబు ఇప్పుడు చట్టంలో ఉంది.

ఇప్పుడు మన సంగతి. నేను ఫస్టియర్‌లో ఉండగా మన సీనియర్ ఒకాయన బైక్ మీంచి పడి పోయారు. హెల్మెట్ రూమ్‌లోనే ఉంది. మెయిన్ గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టారు, మొదటి వానకే చినిగింది. బ్యాచ్ అంతా చందా వేసుకుని ఇంటికి పంపారు, అది చాలా మంచి పని. అయితే ఇప్పటి ఫస్టియర్ వాళ్ళకి ఆయన పేరే తెలీదు. శనివారం రాత్రి అయితే హైవే ధాబాకి ఒక్కో బండి మీద ముగ్గురేసి, ఉత్త తలలతో బయల్దేరుతున్నారు. హెల్మెట్ పెట్టుకుంటే మరణించే ప్రమాదం సుమారు 42 శాతం, తల గాయం ప్రమాదం 69 శాతం తగ్గుతుందని కాక్రేన్ సమీక్ష తేల్చింది. మనవాళ్ళకి జుట్టు పాడవుతుందని బాధ!

నా ప్రతిపాదన చిన్నది. ఆయన బాగా ఆడేది క్రికెట్. ఫెస్ట్‌లో ఆయన పేరున టెన్నిస్ బాల్ టోర్నమెంట్ పెడదాం. ఎంట్రీ ఫీజులతో ఐఎస్ఐ మార్కు హెల్మెట్లు కొని సెక్యూరిటీ రూమ్‌లో ఉంచుదాం. బండి తీసుకెళ్ళేవాడు ఐడీ కార్డు పెట్టి, వెనక కూర్చునేవాడికి కూడా ఒకటి పట్టుకెళ్ళాలి. పెట్టుకున్నోడికీ పెట్టుకోనోడికీ ఆయన పేరు కనబడుతుంది. లెక్కలు పైసాతో సహా నోటీసు బోర్డు మీద అంటించాలి, ఇందులో మొహమాటం వద్దు.

"చావు పేరు చెప్పి డబ్బులు వసూలు చేయడమేంట్రా" అన్నాడు మా రూమ్మేట్. పెద్దకర్మకి ఊరంతటికీ భోజనం పెడుతున్నాం కదా, అది చావు పేరు చెప్పి కాదా? వాడు దానికి నవ్వాడు గానీ, వెంటనే అడిగిన ఇంకో ప్రశ్న మాత్రం సరైనది: "వాళ్ళింట్లో అడిగావా?"

ఇంకా లేదు. ఫోన్ నంబర్ వాళ్ళ బ్యాచ్ సీఆర్ దగ్గర దొరికింది. ఈ ఆదివారం నేనూ, స్పోర్ట్స్ సెక్రటరీ కలిసి వాళ్ళ నాన్నగారికి ఫోన్ చేస్తున్నాం. ఆయన వద్దు బాబూ అంటే టోర్నమెంట్ వేరే పేరుతో పెడతాం, హెల్మెట్లు మాత్రం కొంటాం.