దగ్గు దాచుకుంటే నౌకరి నిలవదు

ఇయ్యాల లీవు. శానా రోజుల సంది మనసుల ఉన్న మాట రాస్తున్న.

మా రూమ్‌ల ఎనిమిది మందిమి. ఒక తమ్ముడు రెండు నెలలు దగ్గిండు. రాత్రి చెమటలు, మనిషి సగమైండు. అడిగితే "సైట్ల దుమ్మన్నా" అన్నడు. మెడికల్‌ల దొరికితే ఇంటికి పంపుతరని భయం. ఊర్ల అప్పున్నది. నెత్తురు పడ్డంక దవాఖానకు తీసుకపోతే టీబీ అన్నరు. కిటికీలు మూసిన ఏసీ రూమ్‌ల అందరం అదే గాలి పీల్చినం. తర్వాత మేం ఏడుగురం కూడ ఎక్స్‌రే తీయించుకున్నం.

తప్పు ఆ తమ్మునిదేనా? మనం చూసిన పరీక్ష ఒక్కటే: ఫిట్టా, అన్‌ఫిట్టా. గల్ఫ్‌కు వచ్చేముందు ఛాతీ ఎక్స్‌రే, హెచ్ఐవీ రక్త పరీక్ష చేస్తరు. అన్‌ఫిట్ అయితే కాగితం చేతుల పెడ్తరు. ఎక్కడ మందు దొరుకుతదో చెప్పినోణ్ణి నేనైతే చూడలే. పరీక్ష అంటే మనిషిని ఏరి పారేసుడైతే ఎవడైనా దాచుకుంటడు. వైద్యానికి దారి చూపిస్తే దాచుకోడు. అన్‌ఫిట్ అయినోని పేరు బయట పెట్టకుండ సర్కారు దవాఖానకు చీటీ రాసియ్యాలె. మన సంఘాలు అడగవలసింది ఇదే.

"పరీక్ష చేయించుకుంటే పని పోతదన్నా" అంటరు. పోవచ్చు, అబద్ధం చెప్ప. కని దాచిన రోగం ఎట్లైనా బయట పడ్తది, అప్పటికి ఊపిరితిత్తులు పాడైతయి. రెండు వారాలు దాటి దగ్గుంటే తెమడ పరీక్ష చేయించుకోండి. మామూలు టీబీ ఆరు నెలల మందులతో నయమైతది. మన దగ్గర సర్కారు దవాఖానల మందులు ఫ్రీ. నడుమ ఆపితే మాత్రం మొండి టీబీ కావచ్చు.

హెచ్ఐవీ ముచ్చట సుత గిట్లనే. కలిసి తింటే, ఒకటే బాత్‌రూమ్ వాడితే రాదు. మందులు రోజూ వేసుకొని వైరస్ పరీక్షల కనపడనంత తగ్గితే, సంసారంల భార్యకు అంటదు. లీవుల ఇంటికి పోయినప్పుడు ఐసీటీసీల పరీక్ష చేయించుకోండి. పైసలు అడగరు, పేరు బయటికి రాదు. డౌటుంటే 1097కు ఫోన్ కొట్టండి. హెచ్ఐవీ ఉన్నోళ్లకు టీబీ తొందరగ పడ్తది, అందుకే రెండు పరీక్షలూ చేయించుకోవాలె.

ఆ తమ్ముడు ఇప్పుడు ఊర్ల మందులు వాడుతుండు, బరువు పెరిగిండు. మొన్న ఫోన్ల ఒకటే మాట అన్నడు: "ముందే చెప్తే బాగుండు అన్నా." మీ రూమ్‌ల ఎవలన్న దగ్గుతుంటే తిట్టకండి, దూరం పెట్టకండి. తోడు పోండి.