నీటి లెక్క నేర్పిన రైతులు

బోరులో నీళ్లెన్నున్నాయో చూసుకోకుండా వరి నాటడం, పంట చేతికి రాకముందే బోరు ఎండితే అప్పు చేసి ఇంకోటి వేయించడం... కరవు జిల్లాల్లో ఇది మామూలే. ఈ తీరు మార్చాలనే 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఓ పథకం మొదలైంది. ఐరాస ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో అనంతపురం, మహబూబ్‌నగర్ సహా ఏడు జిల్లాల్లో నడిచింది.

ఇందులో పాఠం చెప్పింది అధికారులు కాదు. శిక్షణ పొందిన రైతులే, వారిలో మహిళలూ ఉన్నారు, ‘రైతు నీటి పాఠశాల’ల్లో గురువులయ్యారు. ఎకరంలో ఒక్క మిల్లీమీటరు వాన కురిస్తే 4 వేల లీటర్ల నీరని లెక్కగట్టడం నేర్చారు. పదిహేను రోజులకోసారి బోర్లలో నీటిమట్టం కొలిచి, అందరికీ కనపడేలా ఊళ్లో బోర్డు మీద రాసేవారు.

రబీకి ముందు ఊరంతా కూర్చుని ఉన్న నీళ్లెన్ని, వేయాలనుకున్న పంటలకు కావాల్సినవెన్ని అని జమాఖర్చులు వేసుకునేవారు. వరి మానేయమని ఎవరూ ఒత్తిడి చేయలేదు. లెక్క చూసుకుని చాలామంది తామే ఆరుతడి పంటలకు మళ్లారు.

ఒకరు ఎక్కువ తోడితే పక్కవారి బోరూ అడుగంటుతుందని అధికారి చెబితే విని మరచిపోవచ్చు. పక్క చేను రైతు కొలిచి చూపిస్తే మాత్రం నమ్మక తప్పదు!