ఐలమ్మ పేరు గేటు మీద, టులెట్ బోర్డు గేటు బయట

పోయిన భాగంలో హాస్టల్ మెస్ గురించి రాసినప్పుడు చాలామంది ఇన్‌బాక్స్‌లో ఒకటే అడిగారు: "హాస్టల్ సీటే దొరకనోళ్ల సంగతేంది?" జవాబు రాద్దామని కూర్చున్న వారంలోనే ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. కోఠి చుట్టుపక్కల ఒక కాలేజీలో పీజీ మొదటి సంవత్సరం. నల్లగొండ జిల్లా నుంచి వచ్చింది. హాస్టల్ సీటు రాలేదు. పది రోజులుగా సుల్తాన్ బజార్, బడీచౌడి, ఇసామియా బజార్, కాచిగూడ దాకా గది కోసం తిరుగుతోంది. కాసేపు అవీ ఇవీ మాట్లాడి, చివరికి అసలు మాట అడిగింది.

"మేడం, అందరూ కులం అడుగుతున్నరు. అబద్ధం చెప్పాల్నా?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకు చెప్పలేకపోయానో చెప్పడానికే ఈ భాగం.

ముందు ఈ ప్రాంతం గురించి చెప్పాలి. కోఠి అంటేనే పెద్ద భవంతి. బ్రిటిష్ రెసిడెంట్ జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ 1800 తర్వాతి కొన్నేళ్లలో, నిజాం ఖజానా సొమ్ముతో కట్టించుకున్న రెసిడెన్సీ వల్ల ఈ పేరు నిలిచింది. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ జనాన్ని వెంటేసుకుని దాడి చేసింది ఈ భవనం మీదే. 1949లో ఇందులోకి మహిళా కళాశాల వచ్చింది. 2022లో అది తెలంగాణ మహిళా విశ్వవిద్యాలయం అయింది. 2024లో ప్రభుత్వం దానికి వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టింది.

ఇరవై ఏళ్ల కింద ఈ భవనం కూలిపోతుందేమోనని భయపడ్డారు. 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ దీన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో పెట్టింది. ఏళ్ల తరబడి మరమ్మతులు జరిగి, 2023లో మళ్లీ తలుపులు తెరుచుకుంది. 1935 నాటి మొజంజాహీ మార్కెట్‌ను బాగుచేసి 2020లో తెరిచారు. అదే ఏడాది ఫిబ్రవరిలో సుల్తాన్ బజార్ నెత్తి మీదుగా మెట్రో నడిచింది. ఇప్పుడు ఆదివారం పొద్దున కెమెరాలు మెడలో వేసుకుని హెరిటేజ్ వాక్‌కు వచ్చేవాళ్లు కనిపిస్తారు. పాత ఇరానీ హోటళ్ల పక్కన కొత్త కాఫీ షాపులు వచ్చాయి. పాత కోఠికి మళ్లీ ప్రాణం వచ్చిందంటున్నారు.

నాకు దాని మీద కోపం లేదు. రెసిడెన్సీ మెట్ల దగ్గరి రాతి సింహాలను, దర్బారు హాలును చూసి నేనూ నోరు తెరిచినదాన్నే. పెచ్చులూడే పైకప్పు కింద చదువుకున్న ఆడపిల్లల చెల్లెళ్లు ఇప్పుడు ఆ భవనాన్ని గర్వంగా చూసుకుంటున్నారు. రాయిని కాపాడుకోవద్దని ఎవరంటారు? నా ప్రశ్న వేరే. రాయికి ప్రాణం వచ్చిన చోట మన పిల్లలకు గది ఎందుకు రావట్లేదు?

ఐలమ్మ గురించి ఒక సంగతి మనం తరచూ మర్చిపోతాం. ఆమె భూస్వామి కాదు, కౌలుదారు. పాలకుర్తిలో మల్లంపల్లి దొర భూమిని కౌలుకు తీసుకుని పంట పండించింది. చాకలామె భూమి దున్నడమేంటని విసునూరు దేశ్‌ముఖ్‌కు కన్ను కుట్టింది. పండిన పంటను ఎత్తుకుపోవడానికి మనుషుల్ని పంపాడు. ఆమె, సంఘం కలిసి ఆ గింజలు దొర గడికి పోకుండా ఆపారు. అంటే ఆ పోరాటం కిరాయికి తీసుకున్న నేల మీద నిలబడే హక్కు కోసం జరిగిన పోరాటం. ఇవాళ ఆ కౌలుదారు పేరు యూనివర్సిటీ గేటు మీద ఉంది. ఆ గేటు దాటి నాలుగు గల్లీలు తిరిగితే, ఆమె మనవరాళ్ల ఈడు పిల్లలను కిరాయిదారులుగా ఒప్పుకోని ఇళ్లున్నాయి.

ఇక నా సంగతి. 2019లో ఈ ప్రాంతంలో నేను గది వెతుక్కున్నప్పుడు మూడు ఇళ్ల దగ్గర నా సర్టిఫికెట్లు, జీతం, కాలేజీ ఐడీ అన్నీ చూశారు. పీహెచ్‌డీ అంటే చాలా మర్యాద చేశారు, చాయ్ కూడా ఇచ్చారు. తర్వాత "మీరేమోళ్లమ్మా?" అన్నారు. చెప్పాను. "మా ఆయన్ని అడిగి ఫోన్ చేస్త" అన్నారు. ఒక్క ఫోనూ రాలేదు. నాలుగో ఇంటి దగ్గర నాకు ఓపిక అయిపోయింది. "కాపోళ్లం ఆంటీ" అన్నాను. అరగంటలో తాళంచెవి చేతిలో పెట్టారు. ఒక గది, వంటిల్లు, నెలకు ఆరున్నర వేలు.

పదకొండు నెలలు ఆ ఇంట్లో ఉన్నాను. అంబేద్కర్ ఫోటోను చున్నీలో చుట్టి సూట్‌కేసులో పెట్టాను. ఏప్రిల్ 14న ట్యాంక్‌బండ్ దగ్గర దండ వేసి వచ్చి, గల్లీ మలుపులో నీలి కండువా మడిచి బ్యాగులో దాచుకున్నాను. మా అమ్మ ఊరినుంచి వస్తే, ఆంటీతో ఎక్కువ మాట్లాడకు, వాడ పేరు చెప్పకు అని ముందే నేర్పాను. ఆమె ఆ రాత్రి గొంతు తగ్గించి మాట్లాడింది. పొద్దున పోయేటప్పుడు "నీకింత సదువు సదివిచ్చింది ఇట్ల దొంగోళ్ల లెక్క ఉండనీకేనా బిడ్డా" అంది. పాఠం చెప్పేటప్పుడు దళిత కవుల ఆత్మగౌరవం గురించి గంటలు గంటలు మాట్లాడే నాకు ఆ మాటకు జవాబు దొరకలేదు.

ఒకరోజు దళిత సాహిత్య సభ ఆహ్వానపత్రం పోస్టులో వచ్చింది. వక్తల్లో నా పేరుంది. కవరు నాకంటే ముందు ఆంటీ చేతిలో పడింది. వారానికి "మా అబ్బాయి అమెరికా నుంచి వస్తున్నడు, గది కావాలె" అన్నారు. ఆ అబ్బాయి ఇప్పటికీ రాలేదు. ఆ గదిలో వేరే కిరాయిదారులున్నారు. ఇప్పుడు ఆ వాడకట్టులో అలాంటి గదికి పన్నెండు వేలు అడుగుతున్నారు. చుట్టూ అందంగా మారింది కాబట్టి కిరాయి పెరిగింది. కిరాయి పెరిగినకొద్దీ అడిగేవాళ్లు పెరిగారు. అడిగేవాళ్లు పెరిగినకొద్దీ ఇంటివాళ్లకు ఏరుకునే వీలు పెరిగింది. ఏరుకునే దగ్గర కులం ముందుకొస్తుంది. ప్రాంతం బాగుపడటానికీ మన పిల్లలకు గది దొరక్కపోవడానికీ ఉన్న సంబంధం ఇదే.

"మేం శాకాహారులం, మాంసం వాసన పడదు, అంతే" అంటారు కొందరు. ఎవరి వంటిల్లు వాళ్లిష్టం. కానీ నన్ను కాదన్న ఇళ్లలో ఒకదాన్ని, ఆదివారం ఆదివారం మటన్ వండుకునే పెద్ద కులం కుటుంబానికి ఇచ్చారు. అప్పుడు ఆ వాసన ఎటు పోయింది? ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. కులం అడిగిన వాళ్లంతా బ్రాహ్మణులో రెడ్లో కారు. బీసీ ఇంటాయన కూడా అడిగాడు. ఆయన ఊర్లో ఏ దొర ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచాడో, నగరంలో ఇల్లు కట్టుకున్నాక ఆ దొర ప్రశ్ననే నన్ను అడిగాడు. బహుజన ఐక్యత గురించి వేదికల మీద మాట్లాడేటప్పుడు ఈ గుమ్మం కూడా గుర్తుండాలి.

అబద్ధం చెప్పి గది తీసుకోవడం మనతో మొదలవలేదు. 1917లో కొలంబియా, లండన్ చదువుల తర్వాత అంబేద్కర్ బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్లాడు. ఉండటానికి చోటు దొరకలేదు. పార్శీల సత్రంలో పార్శీ పేరు పెట్టుకుని ఉన్నాడు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని వచ్చి ఖాళీ చేయమన్నారు. హిందూ స్నేహితుడు, క్రైస్తవ స్నేహితుడు ఎవరూ ఇంట్లో పెట్టుకోలేకపోయారు. పార్కులో కూర్చుని, రాత్రి రైలుకు బొంబాయి తిరిగిపోయాడు. ఆ సంగతి ఆయనే రాసుకున్నాడు. 1953లో ఉస్మానియా యూనివర్సిటీ ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. డిగ్రీ ఇవ్వడానికి యూనివర్సిటీలు ముందుకొస్తాయి. గది ఇవ్వడం దగ్గరే వస్తుంది చిక్కు. రోహిత్ వేముల, అతని స్నేహితులు హాస్టల్ నుంచి వెలివేయబడి క్యాంపస్‌లో వెలివాడ వేసుకుంది మొన్నమొన్నే కదా.

చట్టం ఏమంటుంది? రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని ఏ రూపంలో ఉన్నా రద్దు చేసింది. 15(2) దుకాణాలు, హోటళ్లు, బావులు, రోడ్ల దగ్గర వివక్షను నిషేధించింది. కిరాయి ఇల్లు అన్న మాట అందులో లేదు. అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణ సామాజిక, ఆర్థిక బహిష్కరణను నేరంగా చేర్చింది. కానీ "వేరేవాళ్లకు మాటిచ్చినం" అనే ఒక్క ముక్కతో ఇంటివాళ్లు తప్పించుకుంటారు. రుజువు చేసే భారం గది లేని పిల్ల మీద పడుతుంది. 2005లో ఒక హౌసింగ్ సొసైటీ కేసులో, సభ్యత్వం తమ సమాజం వాళ్లకే అన్న నిబంధన చెల్లుతుందని సుప్రీంకోర్టు చెప్పింది. అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపిన వారానికి, 1968 ఏప్రిల్‌లో, ఇళ్ల అమ్మకంలోనూ కిరాయిలోనూ జాతి, రంగు చూడటాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. దాంతో అక్కడ వివక్ష పోలేదు. కానీ నిలదీయడానికి ఒక కాగితం ఉంది. మనకు అంత సూటి కాగితం కూడా లేదు.

ఇక వారసత్వం మాట. నేను మూడు హెరిటేజ్ వాక్‌లకు వెళ్లాను. మూడింట్లోనూ కిర్క్‌పాట్రిక్, ఖైరున్నీసాల ప్రేమకథ చెప్పారు. మంచి కథే. కానీ పక్కనే ఉన్న ఇసామియా బజార్‌కు ఎవరూ తీసుకెళ్లలేదు. మాదరి భాగయ్యగా పుట్టి భాగ్యరెడ్డి వర్మగా ఎదిగిన మనిషి 1906లో జగన్మిత్ర మండలి పెట్టాడు. 1910లో మన పిల్లల కోసం ఇసామియా బజార్‌లో, లింగంపల్లిలో బడులు తెరిచాడు. 1911లో మన్య సంఘం పెట్టాడు. అంబేద్కర్‌ను బరోడాలో వెళ్లగొట్టిన ఆ 1917లోనే, బెజవాడ సభకు అధ్యక్షత వహించి పంచములు అన్న మాటను పక్కకు నెట్టి మనల్ని ఈ నేల ఆదివాసులుగా పిలిపించాడు. 1931లో ఆయన నడిపిన భాగ్యనగర్ పత్రికలో వచ్చిన 'వెట్టి మాదిగ'ను తొలి దళిత కథల్లో ఒకటిగా చెప్పుకుంటాం. తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసిన నాకు కూడా ఆయన పేరు క్లాసులో కాదు, ఉద్యమ మిత్రుల దగ్గర తెలిసింది.

అంటే కోఠి చరిత్రలో మనం కొత్తగా వచ్చి తలుపు తడుతున్నవాళ్లం కాదు. నూరేళ్ల కిందే ఇక్కడ బడి పెట్టిన వాళ్లం. మనం గది అడుగుతున్నది దయ కోసం కాదు.

అందుకే కొన్ని సూటి డిమాండ్లు. ఒకటి, ఈ ప్రాంతం బాగుకోసం ఖర్చుపెట్టే ప్రతి ప్రాజెక్టులో విద్యార్థినుల హాస్టళ్లకు కూడా వాటా ఉండాలి. ఖాళీగా పడి ఉన్న ప్రభుత్వ భవనాలను దానికి వాడొచ్చు. రెండు, ఇక్కడి కాలేజీలు కిరాయి గదుల జాబితా తామే నిర్వహించాలి. కులం, మతం అడగబోమని రాసిచ్చిన ఇంటివాళ్ల పేర్లే అందులో పెట్టాలి. మూడు, కిరాయి వివక్షను పేరు పెట్టి నిషేధించే చట్టం రాష్ట్రం చేయాలి. నాలుగు, వారసత్వ నడక ఇసామియా బజార్ దాకా నడవాలి. ప్రభుత్వం నడిపించేదాకా ఆగక్కర్లేదు, మనమే నడుద్దాం. వచ్చే నెల మొదటి ఆదివారం పొద్దున ఆరున్నరకు ఐలమ్మ యూనివర్సిటీ గేటు దగ్గర కలుద్దాం.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్న. ఆ రోజు నేను చివరికి ఇలా చెప్పాను: "అబద్ధం చెప్పినా నిన్ను నేను తప్పుపట్టను, నేనూ చెప్పిన. కానీ ఆ పదకొండు నెలలు నేను నిద్రపోలే." ఆమె కాసేపు ఆలోచించి "అయితే నేను చెప్పను మేడం" అంది. మర్నాడు రెండు ఇళ్లలో నిజమే చెప్పింది. రెండు ఇళ్లలోనూ గది రాలేదు. ఇప్పుడు ఇబ్రహీంపట్నం దగ్గర చిన్నమ్మ ఇంటి నుంచి రోజూ బస్సులో వస్తోంది. పొద్దున ఆరింటికి బయలుదేరి, రాత్రి ఎనిమిదికి చేరుతుంది. చదువుకోవాల్సిన సమయం బస్సులో పోతోంది.

నేను జీతం తీసుకుంటూ, తాళం ఉన్న గదిలో కూర్చుని ఆత్మగౌరవం గురించి రాస్తున్నాను. దాని ధర కట్టింది ఆ పిల్ల. ఈ లెక్క నాకు తెలుసు. మీలో కోఠి చుట్టుపక్కల గది ఉన్నవాళ్లు, గదిలో ఇంకొక మంచం పట్టేవాళ్లు ఉంటే ఈ పోస్టు కింద చెప్పండి. కులం అడగని ఇంటివాళ్లు తెలిసినా చెప్పండి. చట్టం వచ్చేదాకా ఆమె చదువు ఆగదు.

వచ్చే భాగంలో గెస్ట్ లెక్చరర్ల జీతాల గురించి.

జై భీమ్.